"విటమిన్ వేసుకుంటే నోరు పూస్తోంది": మూడు రిపోర్టులు, ఒక్క రోగి

మార్కెట్లోకి వచ్చేసిన మందుల వల్ల జనానికి ఏమవుతోందో కనిపెట్టి చూడటం నా పని. డాక్టర్లు, ఫార్మసిస్టులు, కంపెనీలు, రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు పంపే సైడ్ ఎఫెక్ట్ రిపోర్టులు మా కేంద్రానికి వస్తాయి. వాటిని చదివి, కోడ్ చేసి, మందుకూ జరిగినదానికీ సంబంధం ఎంతవరకు ఉందో నేను అంచనా వేస్తాను. ఇక్కడ రాస్తున్న కేసులో ఒకే రోగి గురించి మూడు దారుల్లో మూడు రిపోర్టులు వచ్చాయి. అసలు సంగతి మొదటి రిపోర్టులోనే ఉంది. దాన్ని తప్పుగా చదివింది నేనే.

రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. మాత్రల లెక్కను మాత్రం ముట్టుకోలేదు. కేసంతా దాని మీదే నిలబడింది.

ఫోన్‌లో వచ్చిన మాట

ఒకావిడ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. "మా అమ్మకి విటమిన్ బిళ్ల వేసుకుంటుంటే నోరు పూసిందండి. రెండు రోజులైంది. మంచినీళ్లు తాగినా మంట అంటోంది. ఆపెయ్యమంటారా?" ఫోన్ తీసిన మా సహోద్యోగి మందు పేరు అడిగారు. ఆవిడ ప్రిస్క్రిప్షన్ తీసి చదివి వినిపించారు: ఫోలిక్ యాసిడ్, 5 మి.గ్రా., ఆదివారం తప్ప రోజుకొకటి. మందులు రాసిన డాక్టర్ని ఒకసారి అడగండి అని చెప్పి, మా సహోద్యోగి రిపోర్టు నమోదు చేశారు.

రిపోర్టు చెల్లాలంటే నాలుగు ఉండాలి: గుర్తించదగ్గ రోగి, గుర్తించదగ్గ రిపోర్టరు, అనుమానిస్తున్న మందు, జరిగిన ఘటన. నాలుగూ ఉన్నాయి. రోగి ఇనిషియల్స్ లేవు, వయసు దగ్గర "అరవై దాటింది" అని ఉంది. మందు ఎందుకు వాడుతున్నారన్న గడి ఖాళీ. ఇంకేమేం మందులు వాడుతున్నారన్న చోట "కీళ్లకు ఏవో" అని రాసి ఉంది. ఆసుపత్రిలో చేరలేదు, ప్రాణాపాయం లేదు. కాబట్టి నాన్-సీరియస్.

రెండు రోజుల తర్వాత అది నా వరుసలోకి వచ్చింది. ఫోలిక్ యాసిడ్ వల్ల నోరు పూయడమా? ఫోలేట్ తక్కువైతే నోరు పూస్తుంది గానీ, ఎక్కువైతే కాదు. డబ్ల్యూహెచ్‌ఓ కొలమానంలో "అన్‌లైక్లీ" (సంబంధం ఉండకపోవచ్చు) అని పెట్టి, "ఔషధ చర్య రీత్యా పొసగదు" అని ఒక వాక్యం రాసి పక్కకు జరిపాను. ఆ వరుసలో నా వెనక ఇంకా చాలా ఉన్నాయి. నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుందేమో.

ఇప్పుడు చూస్తే ఆ రిపోర్టు అరుస్తున్నట్టే ఉంది. అరవై దాటిన మనిషికి, కీళ్లకు ఏవో మందులు వాడుతున్న మనిషికి, రోజూ ఫోలిక్ యాసిడ్ ఎందుకిస్తారు? కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చినప్పుడు, దాని వల్ల నోరు పూయకుండా, కడుపు తిప్పకుండా ఇస్తారు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు నోటిపూత వస్తే అది తొలి ప్రమాద సూచన. వెనకాల రక్తకణాలు పడిపోతూ ఉండొచ్చు. "ఎందుకు వాడుతున్నారండీ?" అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ వరుసంతా అప్పుడే బయటపడేది. రిపోర్టులో రాసి ఉన్న మందు తప్పు చేయదని నాకు తెలుసు. కాబట్టి రిపోర్టే తప్పనుకున్నాను.

రెండోదీ మూడోదీ

పది రోజులకు ఒక ఆసుపత్రి డాక్టరు నుంచి రిపోర్టు వచ్చింది. ఆడ, 64 ఏళ్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. మెథోట్రెక్సేట్ వారానికి 7.5 మి.గ్రా., ఎనిమిది నెలలుగా. జ్వరం, నోరంతా పుళ్లు, ఒంటి మీద ఎర్రటి చుక్కలు. తెల్ల రక్తకణాలు 1,100, ప్లేట్‌లెట్లు 28,000, హిమోగ్లోబిన్ 7.4. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. రోగ నిర్ధారణ: పాన్‌సైటోపీనియా. అంటే మూడు రకాల రక్తకణాలూ పడిపోయాయి. మెథోట్రెక్సేట్ ఆపేసి ఫోలినిక్ యాసిడ్, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. ఇది సీరియస్, అనుమానం లేదు.

ఇంకో ఎనిమిది రోజులకు మెథోట్రెక్సేట్ కంపెనీ నుంచి ఎలక్ట్రానిక్ ఫైలు వచ్చింది. వాళ్లకు ఎవరో ఆసుపత్రి ఫార్మసిస్టు చెప్పారట. ఆడ, 63 ఏళ్లు, ఇనిషియల్స్ వెనకా ముందూ. ఘటన "జ్వరంతో న్యూట్రోఫిల్స్ తగ్గడం, నోటి లోపలి పొర దెబ్బతినడం". మోతాదు గడిలో "2.5 మి.గ్రా." అని మాత్రమే ఉంది. ఎన్నిసార్లు అన్నది ఖాళీ.

వయసులో ఏడాది తేడా, పేరులో తేడా, ఘటనకు పెట్టిన పేరులో తేడా. అయినా మా సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ జతగా అనుమానించి నా ముందు పెట్టింది. డూప్లికేట్లను పట్టే పద్ధతులు చాలావరకు ఒకే సూత్రం మీద నడుస్తాయి. ప్రతి గడి కలిసినప్పుడు కొన్ని మార్కులు, కలవనప్పుడు కోత. ఎంత అరుదైన విషయం కలిస్తే అన్ని ఎక్కువ మార్కులు. ఇద్దరూ ఆడవాళ్లే అన్నదానికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. ఒకే తేదీన మొదలైన ఘటన, ఒకే మందు, ఒకే ప్రాంతం కలిస్తే స్కోరు ఎగబాకుతుంది. స్వీడన్‌లోని ఉప్సలా మానిటరింగ్ సెంటర్ ప్రపంచ దేశాల రిపోర్టులను విజిబేస్ అనే ఒకే చోట దాస్తుంది. అక్కడ వాడే విజిమ్యాచ్ కూడా ఇలాంటిదే. ఆసుపత్రి పేరు, చేరిన తేదీ కలవడంతో మా జత ఖాయమైంది. పుట్టినరోజు మధ్యలో పడటం వల్ల ఒకరు 63 అన్నారు, ఒకరు 64 అన్నారు.

డూప్లికేట్ల గురించి ఎందుకింత గుంజాటన అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఒక మందుకు వచ్చిన రిపోర్టుల్లో ఫలానా ఘటన వాటా ఎంత, మిగతా మందులన్నిటి రిపోర్టుల్లో దాని వాటా ఎంత అని పోల్చి చూసే నిష్పత్తిని పీఆర్ఆర్ అంటాం. 2001లో బ్రిటన్ పరిశోధకులు ప్రతిపాదించిన హద్దు ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది: నిష్పత్తి కనీసం 2 ఉండాలి, కై-స్క్వేర్ (తేడా కాకతాళీయం కాదని చూపే లెక్క) కనీసం 4 ఉండాలి, కనీసం 3 రిపోర్టులు ఉండాలి. అరుదైన ఘటనైతే ఒకే రోగి మూడు దారుల్లో వచ్చి చేరితే చాలు, మూడో షరతు తీరిపోతుంది. లేని సిగ్నల్, అంటే మందు మీద అనుమానం, పుట్టుకొస్తుంది.

మొదటి ఫోన్ రిపోర్టును మాత్రం సాఫ్ట్‌వేర్ ఈ జతకు కలపలేదు. కలపగలిగేదీ కాదు. మందు వేరు, ఘటన వేరు, ఇనిషియల్స్ లేవు, కచ్చితమైన వయసు లేదు.

నర్సు పెట్టిన ప్రశ్నార్థకం

మెథోట్రెక్సేట్ వల్ల పాన్‌సైటోపీనియా రావడం కొత్త సంగతి కాదు. మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. "ఎక్స్‌పెక్టెడ్" అని గీత గీసి కేసు మూసేయొచ్చు, చాలామంది మూసేస్తారు. నాకు నచ్చనిది ఒకటుంది. ఎనిమిది నెలలు అదే మోతాదును తట్టుకున్న మనిషికి ఇప్పుడే ఏమొచ్చింది? క్రియాటినిన్ పెరగడం ఒక కారణం కావచ్చు, ఎందుకంటే ఈ మందు ప్రధానంగా కిడ్నీల గుండానే బయటకు పోతుంది. నొప్పి మాత్రలు తోడైతే ఇంకా నిలిచిపోతుంది. కానీ వారానికి 7.5 అన్నది చిన్న మోతాదే. 1.6 క్రియాటినిన్‌తోనే ఇంత దెబ్బ అంటే మనసొప్పలేదు.

డాక్టరుగారికి ఫాలోఅప్ ఉత్తరం రాశాను. వాడిన మందులన్నీ, ప్రతిదానికి మోతాదు, ఎన్నిసార్లు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపారు. బీ12, వైరస్ పరీక్షలు. చేరేటప్పటి మందుల చార్టు. ఆయన ఓపిగ్గా అన్నీ పంపారు. బీ12 మామూలుగా ఉంది, వైరస్ పరీక్షలు నెగటివ్. డిశ్చార్జి సమ్మరీలో మందుల జాబితా శుభ్రంగా ఉంది: మెథోట్రెక్సేట్ 7.5 వారానికొకసారి, ఫోలిక్ యాసిడ్ 5 మిగతా ఆరు రోజులు. అచ్చం ప్రిస్క్రిప్షన్‌లో ఉన్నట్టే, ఎందుకంటే దాన్ని చూసే రాశారు.

చేరిన రాత్రి నర్సు చేత్తో రాసిన చార్టు స్కాన్ కాపీ దానికింద ఉంది. అందులో రెండు వరుసలు:

చిన్న పసుపు బిళ్ల, రోజూ 1
ఫోలిక్ 5, ఆదివారం 3 ?

ఆ ప్రశ్నార్థకం దగ్గర ఆగిపోయాను. ఆదివారం మూడు ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోమని ఏ డాక్టరూ రాయరు. ఆదివారం మూడు మాత్రలన్నది మెథోట్రెక్సేట్ లెక్క: 2.5 మి.గ్రా. మాత్రలు మూడు, మొత్తం 7.5. రోగి చెప్పింది నర్సు ఉన్నదున్నట్టు రాశారు. వింతగా తోచి ప్రశ్నార్థకం పెట్టారు. పొద్దున్నే వచ్చినవాళ్లు ప్రిస్క్రిప్షన్ చూసి దాన్ని సరిదిద్దారు. ఈ పనిలో నేను నేర్చుకున్న ఒక అలవాటు చెప్తాను: డిశ్చార్జి సమ్మరీ, చేతిరాత చార్టు ఒకదానికొకటి పొసగకపోతే ముందు చేతిరాతను నమ్ముతాను. సమ్మరీ తీరిగ్గా రాసేది. చార్టు రోగి ఎదురుగా రాసేది.

రోజూ వేసుకునే చిన్న పసుపు బిళ్ల ఏది మరి? ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా., మెథోట్రెక్సేట్ 2.5 మి.గ్రా. మాత్రలు రెండూ చాలా కంపెనీల్లో చిన్నగా, పసుప్పచ్చగానే ఉంటాయి. "రోజూ వేసుకునే విటమిన్ బిళ్ల" అన్న మాట ఎక్కడో చదివినట్టు అనిపించింది. డేటాబేస్‌లో ఫోలిక్ యాసిడ్, నోరు, గడిచిన మూడు నెలలు అని వెతికాను. ఒక్కటే వచ్చింది. అంచనా వేసినవారి పేరు దగ్గర నా పేరు.

మాత్రలు లెక్కపెట్టించడం

హెల్ప్‌లైన్ రిపోర్టులో ఫోన్ నంబరు ఉంది, ఫాలోఅప్‌కు సరే అన్నారు కూడా. ఫోన్ చేశాను. ఇద్దరూ ఒకరేనని అప్పటికి నా దగ్గర రుజువు లేదు. అందుకని ఆసుపత్రి సంగతి నేను ఎత్తలేదు.

"నోటిపూత గురించి చెప్పారు కదండీ, ఇప్పుడు అమ్మగారికి ఎలా ఉంది?"

"అయ్యో మేడమ్, తర్వాత హాస్పిటల్లో ఉండి వచ్చింది. పదమూడు రోజులు." ఆసుపత్రి పేరు, చేరిన తేదీ ఆవిడే చెప్పారు. కలిశాయి.

"ఆ విటమిన్ డబ్బా ఇంకా మీ దగ్గర ఉందాండీ?"

"ఉందండి. అన్నీ ఆపేశారు కదా, పైన పెట్టేశాం."

"ఒకసారి తీసి, దాని మీద ఏం రాసుందో చదువుతారా? ప్రిస్క్రిప్షన్ వద్దండి, డబ్బా మీదదే."

కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. మెథోట్రెక్సేట్, 2.5. ఆగిపోయారు. "ఇది వారం మందు కదండీ? విటమిన్ ఇందులో..." మళ్లీ ఆగిపోయారు.

వెనక నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది: "డబ్బాలోది రోజూ, షీటులోది ఆదివారం. నేనెప్పుడూ తప్పలేదు."

నిజమే, తప్పలేదు. అంతకుముందు ఎనిమిది నెలలూ ఫోలిక్ యాసిడ్ డబ్బాలో, మెథోట్రెక్సేట్ షీటులో వచ్చేవి. రెండిటి పేర్లూ నోరు తిరగనివి, రెండూ పసుపే. ఆవిడ తనకు అర్థమయ్యే గుర్తు ఒకటి పెట్టుకున్నారు. ఈసారి వేరే కంపెనీల సరుకు వచ్చింది. మెథోట్రెక్సేట్ డబ్బాలో, ఫోలిక్ యాసిడ్ షీటుల్లో. ఆవిడ గుర్తు మారలేదు. మందులు తారుమారయ్యాయి.

"డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెడతారా?" అన్నాను. బిల్లు ప్రకారం ఇచ్చింది 36, అంటే పన్నెండు వారాలకు. ఆవిడ బల్ల మీద పోసి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. పందొమ్మిది. షీటులో? పదింటిలో నాలుగు.

కొత్త మందులు మొదలుపెట్టింది ఒక సోమవారం. ఆసుపత్రిలో చేరింది ఇరవయ్యో రోజు, చివరి మాత్ర పందొమ్మిదో రోజు. మధ్యలో రెండు ఆదివారాలు. సరిగ్గా వాడి ఉంటే మెథోట్రెక్సేట్ 6 పోయి 30 ఉండాలి, ఫోలిక్ యాసిడ్ 17 అయిపోవాలి. ఇక్కడ 17 పోయింది మెథోట్రెక్సేట్, 6 పోయింది ఫోలిక్ యాసిడ్. ఒక్క మాత్ర కూడా తేడా లేదు. ఇన్నేళ్లలో ఇంత కచ్చితంగా సరిపోయిన లెక్క నేను చూడలేదు. ఆవిడ ఎంత క్రమశిక్షణగా మందులు వేసుకుంటారో అందులోనే తెలుస్తోంది.

ఇంత తక్కువ మోతాదుకు ఇంత దెబ్బా?

ఈ కేసు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లెక్క వేసి అడుగుతారు. రోజుకు 2.5 చొప్పున ఆరు రోజులు, వారానికి 15 మి.గ్రా. కదా? కీళ్లవాతానికి వారానికి 15 ఇవ్వడం మామూలే కదా?

మామూలే, ఒకేరోజు ఇస్తే. మెథోట్రెక్సేట్ కణంలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో డీఎన్ఏ తయారీకి కావలసిన ఫోలేట్ రూపం అందదు. వేగంగా విభజన చెందే కణాలు, అంటే మూలుగలోవి, నోటిలోపలి పొరలోవి, ముందు దెబ్బతింటాయి. వారానికొకసారి వేస్తే ఆ కణాలకు మిగతా రోజుల్లో తేరుకునే వ్యవధి దొరుకుతుంది. రోజూ వేస్తే దొరకదు. పైగా ఈ మందు కణాల్లోపల పాలీగ్లుటమేట్ రూపంలోకి మారి నిలిచిపోతుంది. రక్తంలో స్థాయి తక్కువగా కనిపిస్తున్నా లోపల పని సాగుతూనే ఉంటుంది. ఆ పందొమ్మిది రోజుల్లో 15 మి.గ్రా. పడాల్సిన చోట 42.5 పడింది. కాపాడాల్సిన ఫోలిక్ యాసిడ్ వారానికొక్కసారే పడింది. కిడ్నీల పనితీరు తగ్గి ఉంది. మధ్యమధ్యలో నొప్పి మాత్రలూ ఉన్నాయి. విరుగుడుగా మామూలు ఫోలిక్ యాసిడ్ కాకుండా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చింది కూడా అందుకే. అది అడ్డుపడిన ఎంజైముతో పని లేకుండా కణానికి అందుతుంది.

వారం మందును రోజూ వేసుకోవడం అన్న పొరపాటు ఎన్నో దేశాల్లో ప్రాణాలు తీసింది. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఈ విషయాన్ని మళ్లీ సమీక్షించి కొన్ని చర్యలు చెప్పింది. మాత్రలు డబ్బాల్లో కాకుండా బ్లిస్టర్ ప్యాకుల్లోనే (షీటుల్లోనే) ఇవ్వాలి, పెట్టె మీద హెచ్చరిక స్పష్టంగా కనబడాలి, రోగికి ఒక కార్డు ఇవ్వాలి, ఈ మందు వాడటంలో అనుభవమున్న డాక్టర్లే రాయాలి. డబ్బా వద్దనడం వెనక ఎన్ని ఇళ్లల్లో ఇలాంటి లెక్క జరిగి ఉంటుందో ఇప్పుడు నాకు కళ్లకు కడుతుంది.

అంచనా, కోడింగ్, విలీనం

మందుకూ ఘటనకూ సంబంధాన్ని నరాంజో స్కేలు మీద వేస్తే 8 వచ్చింది. 1981లో వచ్చిన ఈ పది ప్రశ్నల స్కేలులో 9, ఆపైన వస్తే "డెఫినిట్", 5 నుంచి 8 దాకా "ప్రాబబుల్". ఇంతకుముందే రుజువైన ప్రభావం కాబట్టి 1, మందు తర్వాతే వచ్చింది కాబట్టి 2, ఆపితే తగ్గింది 1, వేరే కారణం దొరకలేదు 2, మోతాదు పెరిగాక తీవ్రమైంది 1, రక్త పరీక్షల రుజువు 1. మోతాదు ప్రశ్నకు మార్కు ఇవ్వకూడదని మా సహోద్యోగి వాదించారు. ఆయన లెక్కలో 7. రెండూ ప్రాబబులే కాబట్టి ఎక్కువసేపు పోట్లాడుకోలేదు. నా ఫిర్యాదు వేరే. ఆ పది ప్రశ్నల్లో "రాసిన మందును రాసినట్టే వేసుకున్నారా?" అన్నది లేదు. ఎనిమిది మార్కులు తెచ్చుకుని, పొరపాటు సంగతి ఒక్క ముక్క కూడా తెలియకుండా ఈ కేసును మూసేయొచ్చు.

విలీనం దగ్గర కాస్త తర్జనభర్జన పడ్డాం. మూడింటినీ ఒకే కేసుగా కలపాలి. ప్రధాన రిపోర్టు ఏది? వివరాలు ఎక్కువున్నది డాక్టరుది. ముందు వచ్చింది కూతురిది. వైద్య సమాచారం డాక్టరు రిపోర్టు నుంచి తీసుకుని, మొదటిసారి అందిన తేదీగా ఫోన్ వచ్చిన రోజునే ఉంచాం. రిపోర్టరు వాడిన మాటల్ని మార్చే హక్కు మాకు లేదు. కాబట్టి "విటమిన్ బిళ్ల వేసుకుంటుంటే నోరు పూసింది" అన్న వాక్యం అలాగే ఉంది. రిపోర్టరు అనుమానించిన మందును మేం తీసేయకూడదు కూడా. ఫోలిక్ యాసిడ్ అక్కడే ఉంది, నిజంగా వేసుకున్నది ఏదో కథనంలో వివరించాం. కోడింగ్‌లో పాన్‌సైటోపీనియా, నోటిపూతతో పాటు తప్పు వేళల్లో మందు వాడటం, పొరపాటున అధిక మోతాదు, ప్యాకింగ్ వల్ల గందరగోళం అన్నవి చేర్చాం. ఇవి లేకపోతే ఈ కేసు "మెథోట్రెక్సేట్, పాన్‌సైటోపీనియా, తెలిసినదే" అన్న కుప్పలో కలిసిపోయేది. తర్వాత ప్యాకింగ్ సమస్యల కోసం ఎవరు వెతికినా దొరికేది కాదు. యూరప్‌లో 2012 నుంచి అమలైన చట్టంలో ప్రతికూల ప్రభావం నిర్వచనంలోనే మందుల పొరపాట్ల వల్ల కలిగే హానిని కూడా చేర్చారు. అంతకుముందు ఇలాంటివి "ఇది మందు తప్పు కాదు" అని పక్కకు పోయేవి.

రెండు కంపెనీలకూ, నియంత్రణ సంస్థకూ ప్యాకుల ఫొటోలతో సహా పంపాం. మెథోట్రెక్సేట్ పాత రిపోర్టుల్లో "ఎన్నిసార్లు" అన్న గడి ఖాళీగా ఉన్నవన్నీ బయటకు తీసి, వీలైనవాళ్లకు మళ్లీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాం. అది ఇంకా నడుస్తోంది.

మళ్లీ అడగడం

ఈ రంగం పుట్టుకే రెండోసారి అడగడంలో ఉందని నాకనిపిస్తుంది. థాలిడోమైడ్ సంగతి అందరికీ తెలుసు. 1961లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ విడివిడిగా పుట్టుక లోపాలకూ ఆ మందుకూ ముడి ఉందని గుర్తించారు. అంతగా ఎవరూ చెప్పుకోనిది ఒకటుంది. లెంజ్ తల్లులను మొదట అడిగినప్పుడు సుమారు 20 శాతం మందే ఆ మందు పేరు చెప్పారు. దాని గురించే ప్రత్యేకంగా మళ్లీ అడిగితే అది 50 శాతానికి చేరింది. ఏ హానీ చేయని నిద్రమాత్రే కదా, చెప్పేదేముంది అనుకున్నారట చాలామంది. ఆ విపత్తు తర్వాతే సైడ్ ఎఫెక్టులు రిపోర్టు చేసేందుకు 1964లో బ్రిటన్ ఎల్లో కార్డు పథకం, 1968లో డబ్ల్యూహెచ్‌ఓ అంతర్జాతీయ కార్యక్రమం వచ్చాయి. ఇప్పుడు విజిబేస్‌లో మూడు కోట్లకు పైగా రిపోర్టులున్నాయి. అయినా జరిగేవాటిలో మాదాకా వచ్చేవి చాలా తక్కువ. 2006లో 37 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో రిపోర్టు కానివాటి మధ్యగత విలువ 94 శాతంగా తేలింది. వంద జరిగితే ఆరు వస్తున్నాయన్నమాట. వచ్చిన ఆ ఆరింటిలో ఒకదాన్ని నేను నాలుగు నిమిషాల్లో పక్కన పెట్టాను.

మా హెల్ప్‌లైన్ ఫారంలో ఇప్పుడు మూడు ప్రశ్నలు ఎక్కువయ్యాయి. మందు పేరును ప్రిస్క్రిప్షన్ చూసి కాకుండా ప్యాకు మీద చూసి చదవండి. దేనికి వాడుతున్నారు? ఈమధ్య రంగు, ఆకారం, ప్యాకు ఏమైనా మారిందా? మందు పనితీరుతో పొసగని రిపోర్టు వస్తే, అన్‌లైక్లీ అని పెట్టేముందు ఒక ఫోన్ చేయాలన్న నియమం కూడా పెట్టుకున్నాం. పని పెరిగిందని మావాళ్లు గొణుగుతున్నారు. పెరిగింది కూడా.

నేను మొదట రాసిన అంచనా ఆడిట్ ట్రెయిల్‌లో (ప్రతి మార్పూ నమోదయ్యే రికార్డులో) అలాగే ఉంది. తేదీ, వేళ, "ఔషధ చర్య రీత్యా పొసగదు" అన్న వాక్యం. దానికింద కొత్త అంచనా. చెరిపే వీలు లేదు, ఉండకూడదు కూడా.

కేసు మూసేముందు ఆ కూతురికి ఇంకోసారి ఫోన్ చేసి తేలినదంతా చెప్పాను. మొదటిసారే మేం అడగాల్సినది అడగలేదని కూడా చెప్పాను. అమ్మగారు కోలుకున్నారు, కణాల సంఖ్య మామూలుకొచ్చింది, మందులన్నీ ఇప్పుడు కూతురే స్వయంగా చూసుకుంటున్నారు. అన్నీ విని, కాసేపాగి ఆవిడ ఒకటే అడిగారు.

"అయితే మేడమ్, నేను ఫోన్ చేసిన రోజే ఆపేసి ఉంటే?"

పన్నెండో రోజు. అప్పటికి పదకొండు మాత్రలు పడ్డాయి.

"ఇంకో ఆరు పడేవి కాదండి" అన్నాను.